ఫోనుకు అందే వైఫై బల్బుకు ఎందుకు అందదు?

స్మార్ట్ బల్బు, స్మార్ట్ ప్లగ్గు, గుమ్మం మీది కెమెరా ఇంట్లోని వైఫైకి కలవకపోతే లోపం చాలాసార్లు ఆ వస్తువులో ఉండదు. ఫోనులో వీడియో ఆగకుండా ఆడుతుంటే నెట్టు బాగానే ఉందని, కొన్న వస్తువే పనికిరానిదని అనుకోవడం మామూలే. కానీ ఫోనులోని రేడియో వేరు, చవక ప్లగ్గులోని రేడియో వేరు. ఫోను రెండు రకాల వైఫై తరంగాలను పట్టుకుంటుంది. ఒకటి బలహీనపడితే రెండోదానికి మారుతుంది, రెండూ పోతే సిమ్ములోని నెట్టుకు దూకుతుంది. ప్లగ్గులో ఉన్న చిన్న చిప్పుకు ఆ సౌకర్యాలేవీ లేవు. దానికి తెలిసినది ఒకే బ్యాండు, 2.4 గిగాహెర్ట్జ్.

మన దేశంలో ఈ బ్యాండును లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతి వచ్చింది. 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన భాగానికి 2018లో సడలింపు ఇచ్చారు. మొదటిది వేగం తక్కువైనా దూరం పోతుంది, గోడలను కొంత దాటుతుంది. రెండోది వేగంగా ఉంటుంది కానీ గోడ అడ్డం వస్తే నీరసపడుతుంది. బల్బు వెలగాలా ఆరాలా అన్న కబురుకు వేగంతో పనిలేదు కాబట్టి, ఖర్చు తగ్గుతుందని తయారీదారులు 2.4 రేడియో ఒక్కటే పెడతారు. బల్బు కలవడం లేదని నెలవారీ ప్లాను పెంచుకునేవారు ఉన్నారు. ఆ డబ్బు దండగే.

కొత్త రౌటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి, ఏ పరికరం దేనిమీద ఉండాలో తామే నిర్ణయిస్తాయి. చిక్కు ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. ఫోను 5 మీద ఉంటుంది, ప్లగ్గు 2.4 కోసం వెతుకుతుంది, మధ్యలో యాప్ తిరిగి తిరిగి 'కనెక్ట్ కాలేదు' అంటుంది. రౌటర్ సెట్టింగుల్లో 'స్మార్ట్ కనెక్ట్' లాంటి పేరుతో ఉండే ఏర్పాటును ఆపి, రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెడితే సరిపోతుంది. అది తెలియకపోతే 5ను కాసేపు ఆపి, వస్తువు కలిశాక మళ్లీ వేయవచ్చు. సెట్టింగుల జోలికే పోలేనివారు ఫోనూ ప్లగ్గూ పట్టుకుని రౌటర్‌కు రెండు గోడల అవతలికి వెళ్లినా పని జరగవచ్చు. అంత దూరంలో ఫోను తనంతట తానే 2.4కు దిగుతుంది.

పల్నాడు జిల్లా నూజెండ్ల లాంటి మండలాల్లో ఇంటి నెట్టు కథ కరెంటు స్తంభం దగ్గర మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తన తీగను భూమిలో పూడ్చకుండా ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని అమరావతిలో ప్రారంభించారు. టీవీ, ఫోను, నెట్టు మూడూ కలిపి నెలకు రూ.149 అన్నది ఆనాటి ఆకర్షణ. స్తంభాల మీది తీగ ఖర్చు తక్కువ, కానీ గాలివానకూ చెట్టుకొమ్మకూ లోకువ. అందుకని ముందు చూడవలసింది ఇంట్లో వైఫై ఇచ్చే ఫైబర్ బాక్సు మీది దీపాలను. ఎల్‌ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే వెలుతురు తీగలోంచి ఇంటిదాకా రావడం లేదని అర్థం. అప్పుడు ఇంట్లో ఏం మార్చినా ఉపయోగం లేదు, కేబుల్ ఆపరేటరుకు కబురు చేయాల్సిందే.

దీపాలు సరిగా ఉంటే తర్వాతి అనుమానం బాక్సు ఉన్న చోటు మీద. టీవీ కోసం వచ్చిన కనెక్షను కాబట్టి ఆపరేటరు దాన్ని టీవీ వెనకే బిగించి పోతాడు. అటు టీవీ, ఇటు ఇనుప బీరువా, చుట్టూ మందపాటి గోడలు. రాయి దొరికే ప్రాంతం కాబట్టి పల్నాడు పాత ఇళ్లలో రాతి గోడలకు కొదవలేదు. పైన స్లాబులో ఇనుప చువ్వలు, బయట రేకుల గేటు. ఇనుము తరంగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది, రాయి మింగుతుంది. బాక్సును టీవీ చాటునుంచి తీసి మనిషి ఎత్తులో గోడకు పెడితే తేడా కనిపిస్తుంది. సిగ్నల్ బలాన్ని చూపే ఉచిత యాప్‌లు ఫోన్లలో దొరుకుతాయి. వస్తువు పెట్టబోయే చోట అంకె మైనస్ 70 కంటే మెరుగ్గా, అంటే మైనస్ 60 వైపు ఉండాలి. మైనస్ 80 దగ్గర కెమెరా కలిసినా నిలవదు. మిరపకాయలు ఎండబోసిన కల్లం ఊరి బయట ఉంటే ఇంటి వైఫై అక్కడికి చేరదు, అక్కడికి సిమ్ముతో నడిచే కెమెరా కొనడమే సరైన పని. బోరు మోటారును ఫోనుతో వేసే స్టార్టర్లు చాలావరకు సిమ్ము మీద నడిచేది ఇందుకే.

ఇక రౌటర్ లోపలి సంగతులు. డబ్ల్యూపీఏ3 అన్న కొత్త భద్రతా పద్ధతి 2018లో వచ్చింది. చాలా చవక పరికరాలకు అంతకుముందున్న డబ్ల్యూపీఏ2 మాత్రమే తెలుసు. రౌటర్‌లో రెండూ కలిసిన పద్ధతిని ఎంచుకోవాలి, అదీ కుదరకపోతే డబ్ల్యూపీఏ2 చాలు. వైఫై పేరును తెలుగులో పెట్టుకోవడం ముచ్చటైన సంగతే, కానీ కొన్ని పరికరాలు దాన్ని చదవలేవు. పేరుకు ఉన్న చోటు 32 బైట్లు. ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. 'మా ఇల్లు' అన్న చిన్న పేరే 22 బైట్లు తింటుంది. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతో పేరు పెడితే గొడవ ఉండదు. పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూసుకోవాలి. చాలా వైఫల్యాలకు కారణం ఇంత చిన్నదే. గెస్ట్ పేరుతో వేరే నెట్‌వర్క్ ఉంటే పరికరాన్ని అందులో కలపకపోవడం మంచిది, అక్కడ ఒక పరికరం మరోదానికి కనిపించకుండా తెర కట్టి ఉంటుంది.

ఫోను కూడా అడ్డు పడుతుంది. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే యాప్ చుట్టుపక్కల వైఫైలను చూడలేదు. ఐఫోన్‌లో లోకల్ నెట్‌వర్క్ అనుమతి అడిగినప్పుడు వద్దని నొక్కితే ప్లగ్గు ఎదురుగా ఉన్నా దొరకదు. కొన్ని వస్తువులు మొదట తామే ఒక తాత్కాలిక వైఫైని పుట్టిస్తాయి. దానిలో నెట్టు లేదని గ్రహించిన ఫోను సిమ్ము వైపు జారుకుంటుంది. కలిపేటంతసేపూ మొబైల్ డేటా, వీపీఎన్ ఆపి ఉంచాలి.

కరెంటు కోతలది మరో తంటా. కరెంటు తిరిగి రాగానే బల్బు క్షణాల్లో లేస్తుంది, ఫైబర్ బాక్సుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతసేపు వెతికి విసిగిన పరికరం కొన్నిసార్లు మళ్లీ ప్రయత్నించదు. దాన్ని ఆపి వేస్తే దారికొస్తుంది. ఇంకో విచిత్రం ఉంది. చాలా స్మార్ట్ బల్బులను మొదటి స్థితికి తేవాలంటే స్విచ్చును మూడు నుంచి ఐదుసార్లు వెంటవెంటనే వేసి ఆపాలి. వానపూట కరెంటు అలాగే పోయి వచ్చి, పోయి వచ్చిందంటే బల్బు తన జ్ఞాపకాన్ని తానే చెరుపుకుంటుంది. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ తగిలించడం వల్ల కోత వచ్చినా నెట్టు నిలుస్తుంది, బాక్సు మళ్లీ లేచేదాకా ఆగే పనీ తప్పుతుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన వస్తువులకు వేరే జాగ్రత్త కావాలి. అక్కడి ఇళ్లలో 120 వోల్టులు, ఇక్కడ 230. 120కి మాత్రమే తయారైన బల్బును ఇక్కడ తగిలిస్తే వైఫై ప్రశ్న తలెత్తకముందే కాలిపోతుంది. అడాప్టరు మీద 100-240 అని ఉంటే భయం లేదు. చానెళ్లలోనూ తేడా ఉంది. 2.4 బ్యాండులో ఇక్కడి రౌటర్లు 1 నుంచి 13 దాకా చానెళ్లు వాడతాయి, అక్కడి పరికరాలు మామూలుగా 11తో ఆగుతాయి. రౌటర్ 12నో 13నో ఎంచుకున్న రోజు ఆ పరికరానికి ఇంటి వైఫై పేరే కనిపించదు. చానెల్‌ను 1, 6, 11లో ఒకదాని మీద స్థిరంగా ఉంచాలి. యాప్ మాటను వస్తువుకు చేరవేసే కంపెనీ సర్వరు మూతపడితే మాత్రం చేయగలిగింది తక్కువ. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ ముందుగా చెప్పకుండా సర్వర్లు ఆపేయడంతో బాగున్న పరికరాలే యాప్‌కు అందకుండా పోయాయి.

ఇన్నిటిలో లోపం ఎక్కడుందో త్వరగా తేల్చే పరీక్ష ఒకటుంది. ఒక ఫోనులో హాట్‌స్పాట్‌ను 2.4కు మార్చి, మరో ఫోనుతో ఆ వస్తువును దానికి కలిపి చూడాలి. కలిస్తే వస్తువు మంచిదే, తప్పు రౌటర్‌లో ఉంది. కలవకపోతే దాన్ని మొదటి స్థితికి తెచ్చి ఇంకోసారి చూసి, అప్పటికీ మొండికేస్తే బిల్లుతో దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చు. తిరిగి తీసుకునే గడువు దాటకముందే ఈ పరీక్ష చేసుకోవాలి.

ఆపరేటరు బాక్సు మార్చిన రోజున ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. కొత్త బాక్సుకు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే అక్షరం తేడా లేకుండా పెట్టమని అతన్ని అడగండి. చాలావరకు అవి మళ్లీ వాటంతట అవే కలుస్తాయి.