పాసు అడగని ప్రయాణం

బాపట్లకీ చీరాలకీ మధ్య రైల్లో వెళ్లేవాళ్లకు స్టూవర్టుపురం బోర్డు కనిపిస్తుంది. పేరు వినగానే చాలామందికి దొంగల సినిమాలే గుర్తొస్తాయి. అసలు సంగతి వేరు. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలిసిన ఎరుకల తెగవాళ్ల సెటిల్‌మెంట్ ఇది. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరును దీనికి పెట్టారు. తెగ మొత్తానికీ నేరస్థులన్న ముద్ర వేసిన నేరస్థ తెగల చట్టం కింద ఇక్కడి మనిషి హాజరు వేయించుకోవాల్సి వచ్చేది, ఊరు దాటాలంటే పాసు చూపించాల్సి వచ్చేది. ఆ చట్టం దేశమంతటా రద్దయ్యేసరికి 1952 వచ్చింది.

అంతకుముందు ఎరుకలలో చాలామంది ఊరూరూ తిరిగే వర్తకులు. తీరంలో పండిన ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు చేరవేసి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. రోడ్లు పడ్డాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, 1899 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకు రైలు నడిచింది. గాడిద వెనక నడిచిన బతుకు చితికింది. కొత్త బండి వస్తే అందరికీ మేలేనని ఈ ఊళ్లో అంత తేలిగ్గా అనలేం.

ఇప్పుడు వస్తున్నది కరెంటు బండి. ప్రపంచంలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో అయిదింట ఒకటికి పైగా ప్లగ్గు పెట్టి చార్జి చేసేవే. చైనాలో దాదాపు సగం. మన దేశంలో ఆ ఏడాది వందకు రెండో మూడో. 2020లో నెక్సాన్ ఈవీ వచ్చాకే మధ్యతరగతి ఇళ్లలో దీని ఊసు గట్టిగా మొదలైంది.

తెనాలిలోనో బాపట్లలోనో కారు కొనబోయే ఇంట్లో పెద్దాయన అడిగేది ఒకటే: "ఒక్క చార్జింగుతో హైదరాబాద్ వెళ్ళుద్దా?" దూరం మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. చిన్న బ్యాటరీ కారు దారిలో ఆగాల్సిందే. కానీ ఆ ఇంటి కారు రోజూ పోయేది ఎక్కడికి? రేపల్లెలో పెళ్లికి, చీరాలలో బట్టలకు, గుంటూరులో ఆసుపత్రికి, ఆదివారం సూర్యలంక బీచికి. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే ఇవన్నీ అయిపోతాయి. అలాగని పెద్దాయన ప్రశ్నను కొట్టిపారేయలేం. ఇంటికి ఉండేది ఒక్క కారు, సంక్రాంతి ప్రయాణమూ దాంట్లోనే. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు పోతే ఏం చేయాలన్న అనుమానం కూడా ఈ తీరంలో ఉత్తినే పుట్టలేదు.

డబ్బు లెక్క మాత్రం సూటిగానే ఉంటుంది. పెట్రోలు లీటరు నూటపది దరిదాపుల్లో ఉంటే, పదిహేను కిలోమీటర్లిచ్చే కారుకు కిలోమీటరుకు ఏడు రూపాయలకు పైనే. కరెంటు యూనిట్‌కు పది రూపాయలు వేసుకున్నా రూపాయిన్నర. కొనే ధర దగ్గరే పేచీ. కరెంటు కారుకు జీఎస్టీ అయిదు శాతమే అయినా, 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లకు ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిదికి తగ్గించాక ఆ ఊరట కొంత కరిగింది.

నన్నడిగితే, ఈ ప్రాంతానికి అసలు కరెంటు బండి కారు కాదు, ఆటో. కరెంటు మూడు చక్రాల బండ్ల అమ్మకాల్లో 2023లోనే భారత్ చైనాను దాటింది. తెలిసిన దారి, దగ్గర దూరం, రాత్రికి ఇంటికి చేరడం: బ్యాటరీకి ఇంతకంటే అనువైన పని లేదు.

ఈలోగా 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. పల్లెవెలుగు బస్సు ఎక్కి టికెట్ డబ్బులు మిగుల్చుకుంటున్న వాళ్లలో నిన్నటిదాకా ఆటో ఎక్కినవాళ్లూ ఉన్నారు. గిరాకీ పడిపోయిందని డ్రైవర్లు మొత్తుకుంటే అక్టోబరులో ప్రభుత్వం తలా 15,000 రూపాయలు ఇచ్చింది. అది ఇంధనానికో కిస్తీకో సరిపోతుంది గానీ కొత్త బండికి రాదు. గిరాకీ తగ్గిన డ్రైవరుకు కిలోమీటరు ఖర్చు తగ్గించే బండే కావాలి, దానికి అప్పు పుట్టాలంటే గిరాకీ చూపించాలి. బ్యాంకు మేనేజరు ముందు ఆ రెండూ ఒకేసారి చెప్పుకోవాల్సి వస్తోంది.