ఉద్యోగధర్మమున వినయము, లెక్క యొప్పగింత

‘వినయ’ శబ్దమునకు నేడు లోకవ్యవహారమున అణకువ యను నర్థమే మిగిలినది. శాస్త్రమున దాని పరిధి విస్తృతమైనది. నడిపించుట యను నర్థముగల ‘నీ’ ధాతువునకు ‘వి’ యను నుపసర్గ చేరగా ఏర్పడిన యీ పదము, దారి తప్పకుండ నడచుటను, నడిపింపబడుటను తెలుపును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున మొదటి యధికరణమునకు వినయాధికారికమని పేరిడెను. స్వాభావికము, కృతకము నని వినయమును రెండు విధములుగా విభజించెను. నేడు ప్రభుత్వోద్యోగుల విషయమున క్రమశిక్షణ యని వ్యవహరింపబడుచున్నది ఈ కృతకవినయమే. జవాబుదారీ యనునది దాని జంటపదము. దానినే పల్లెలలో ‘లెక్క యొప్పగించుట’ యందురు.

ఈ రెండింటికిని భేదము కలదు. వినయము ఉద్యోగిని పైయధికారికి లోబరచును. లెక్క యొప్పగింత యన్నచో, ఎవరికి ఒప్పగింపవలయునను ప్రశ్న వెంటనే పుట్టును. పైవానికా? ఆ యుద్యోగి చేత మేలుగాని కీడుగాని పొందిన రైతుకా? గుంటూరు, ప్రకాశము మండలముల ప్రత్తి, మిరప నేలలలో ఈ ప్రశ్న నూరేండ్లకు పైగా పలుమారులు తలయెత్తినది. శాస్త్రము దీనికి చెప్పిన సమాధానమెట్టిది, ఆ నేల చెప్పిన సమాధానమెట్టిది యనునది ఇచట విచారింపబడుచున్నది.

శాస్త్రోక్తమైన పరీక్ష

అర్థశాస్త్రము ఉద్యోగిని నియమించుటకు ముందే పరీక్షింపుమనును. ధర్మ, అర్థ, కామ, భయములచే ప్రలోభపెట్టి చూచు ఈ పరీక్షలకు ఉపధలని పేరు. అర్థోపధయందు శుద్ధుడని తేలినవానినే పన్నుల వసూలునకును, కోశరక్షణమునకును నియోగింపవలయును. అనగా గుణము సామాన్యముగ నుండిన చాలదు. ఏ పనికి ఏ గుణము ముఖ్యమో ఆ గుణమే పరీక్షకు నిలువవలయును.

నియమించిన తరువాత విశ్వాసముతో విడిచిపెట్టుట లేదు. గణకులు ప్రతి సంవత్సరము ఆషాఢమాసమున ముద్రలు వేసిన పుస్తకములతోను, మిగులు ధనముతోను రావలయును. లెక్క యప్పగించువరకు వారిని ఒకరితోనొకరు మాటలాడనీయరాదు. గడువు మీరినవానికి దండన కలదు. ఈ యాషాఢనియమము నేటి పాఠకునకు వింతగ తోపనక్కరలేదు. ఆంధ్రప్రాంతమున రెవెన్యూ లెక్కలకు ఆధారమైన ఫసలీ సంవత్సరము జూలై 1న మొదలై జూన్ 30న ముగియును. క్రీస్తుశక సంవత్సరము నుండి 590 తీసివేసిన, ఆ జూలైలో మొదలగు ఫసలీ సంఖ్య వచ్చును. ఒక పద్ధతి నుండి రెండవది పుట్టినదని దీని భావము కాదు. ఏరువాక వేళకు పాతలెక్క మూసి, క్రొత్త పంటకు క్రొత్త పుట తెరచుట సేద్యము ప్రధానమైన దేశమునకు సహజమని మాత్రమే గ్రహింపవలయును. ఫసలీ లెక్కలను పైయధికారులు గ్రామముల వారీగ సరిచూచు జమాబంది యీ దృష్టిలో మిక్కిలి ప్రాచీనమైన భావమునకు నవీనరూపము.

అపహరణమార్గములు నలువదియని కౌటిల్యుడు లెక్కించెను. వసూలైన దానిని కాలేదని వ్రాయుట, ఒకని పేర వచ్చినదానిని మరియొకని పేర చూపుట, తూకములోను కొలతలోను భేదము చేయుట మొదలగునవి వానిలోనివి. దొంగతనము సొమ్ము దగ్గర కంటె పుట మీద ముందుగ జరుగునని ఆతడెరిగియుండెను. అధికారస్థానమునకు పలువురు ముఖ్యులుండవలయుననియు, అది ఎవనికిని శాశ్వతము కారాదనియు విధించుటకు కారణమిదియే.

ఇంతవరకు లెక్క యంతయు క్రిందినుండి పైకే పోవుచున్నది. కాని అదే ప్రకరణమున మరియొక విధి కలదు. ఒక యుద్యోగిపై విచారణ జరుగునపుడు, ఆతని వలన నష్టపోయినవారు వచ్చి తెలుపుకొనవలసినదని ఆ ప్రాంతమున చాటింపు వేయింపవలయును. తెలుపుకొన్నవానికి జరిగిన నష్టమును ఇప్పింపవలయును. అపరాధమును బయటపెట్టి నిరూపించినవానికి తేలిన ధనమున ఆరవభాగము చెందును. ఆతడు తానే ఉద్యోగియైనచో పండ్రెండవభాగము. నిరూపింపలేనివానికి దండన. ఈ చాటింపు చిన్నవిధివలె కనబడును గాని, లెక్కను పైనుండి క్రిందికి త్రిప్పినది ఇదియే.

యాజ్ఞవల్క్యస్మృతియు దొంగల బాధ కంటె లేఖకగణకుల బాధ నుండి ప్రజలను విశేషించి కాపాడుమని రాజును హెచ్చరించును. లంచములతో జీవించువానిని ధనహీనుని చేసి దేశము వెడలగొట్టుమనును. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదుమూడవ శతాబ్దిలో కేతన తెనిగించెను. సుమతిశతకమునకు కరణమనిన ఎంత శంకయో తెలుగువారికి చెప్పనక్కరలేదు.

వంశపారంపర్యమైన గ్రామోద్యోగము

శాస్త్రము శాశ్వతము కారాదన్న స్థానము తెలుగు పల్లెలో వంశానుగతమైనది. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము దానికి శాసనబలము నిచ్చెను. మునసబు కిస్తులు వసూలుచేయును. కరణము లెక్కలు వ్రాయును. తలారి, వెట్టివాడు వారికి తోడ్పడుదురు. ఏ సర్వే నంబరులో ఏ పైరున్నది, ఎవరు సాగుచేయుచున్నారు అనునది అడంగలులో కెక్కును. తాలూకా కచేరికి గ్రామము తెలియుట ఆ పుటల ద్వారముననే. కరణము కన్ను మూసిన దొరతనమునకు ఊరు చీకటి.

ఇందు ఒక మేలును కలదు. తాతలనాటి నుండి అదే యూరిలో నుండువాడు పరువునకైనను వెరచును. రేపు బదిలీపై పోవువానికి ఆ వెరపు లేదు. కీడు కూడ అదే వేరు నుండి పుట్టినది. తొలగింపబడునను భయము లేని చోట పుట మీది వ్రాత ఆతని యిష్టమాయెను. చదువురాని రైతు దానిని సరిచూచుకొనజాలడు.

పెదనందిపాడు

సహాయనిరాకరణోద్యమము నాడు ఈ వ్యవస్థ ఎట్టి పరీక్షకు నిలిచెనో పెదనందిపాడు ఫిర్కా చరిత్ర చెప్పును. 1921-22లో, ఫసలీ లెక్కలో 1331న, ఆ ఫిర్కా రైతులు కిస్తులు కట్టుట మానిరి. కొండా వెంకటప్పయ్య మండల కాంగ్రెసునకు పెద్దదిక్కు. పర్వతనేని వీరయ్యచౌదరి శాంతిసేనను కూర్చి రైతులను హింసకు దూరముగ నడిపెను. ఈ యుద్యమమునకు ఆయువుపట్టు గ్రామోద్యోగుల రాజీనామాలు. వారికి సొంత ఫిర్యాదులును లేకపోలేదు. ఐనను వంశమునకు వచ్చిన యుద్యోగమును వదలుకొనుట సామాన్యమైన త్యాగము కాదు.

వారు చేసిన పనిలో ధర్మసూక్ష్మము గుర్తింపదగినది. ఉద్యోగమున నుండి జీతము పుచ్చుకొనుచు, కిస్తుల లెక్కను తారుమారు చేసి దొరతనమును మోసగించుట వారికి సులభమే. అట్లు చేసినచో నలువది యపహరణములలో మరియొకటి యయ్యెడిది. వారు పదవినే విడిచిరి. ఆజ్ఞను శిరసావహింపజాలనివాడు ఆ స్థానమునే విడుచుట వినయమునకు భంగము కాదు, దాని పరాకాష్ఠ.

1922 ఫిబ్రవరి మొదట చౌరీచౌరాలో హింస చెలరేగినది. గాంధీజీ ఉద్యమమును నిలిపివేసెను. పెదనందిపాటిలోను పన్నుల నిరాకరణము విరమింపబడినది. ఫలమేమైనను, ఒక సత్యము మాత్రము అచట వెల్లడియైనది. గ్రామోద్యోగి యధికారము కలెక్టరు ఆజ్ఞాపత్రము వలన మాత్రమే నిలుచునది కాదు. ఊరి సమ్మతి దానికి రెండవ పునాది. ఆ సమ్మతి తొలగిన, పుస్తకములుండియు లెక్క యుండదు.

వారసత్వము పోయిన పిదప

స్వాతంత్ర్యానంతరము ఈ వంశానుగతి గుంటూరు మండలమున ప్రశ్నింపబడినది. తెనాలి తాలూకాలో ఒక గ్రామము రెండుగ చీలి పేరవలిపాలెము క్రొత్తగ నేర్పడినపుడు మునసబు పదవికై వివాదము పుట్టెను. రెవెన్యూ డివిజనల్ అధికారి ఒకని నియమింపగా, పాతగ్రామపు మునసబు కుమారుడను కారణమున ఆ పదవి మరియొకనికి సంక్రమించెను. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చుచు, గ్రామోద్యోగము ప్రభుత్వోద్యోగమే యనియు, వంశమును బట్టి భేదము చూపుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమనియు తీర్పుచెప్పినది. 1984 జనవరిలో నందమూరి తారకరామారావు ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా పాక్షికకాల గ్రామోద్యోగములనే రద్దుచేసెను. సుప్రీంకోర్టు 1985లో ఆ యార్డినెన్సును సమర్థించినది. శాస్త్రము కోరిన అశాశ్వతత్వము ఇట్లు సిద్ధించెను.

సిద్ధించినను రైతు ప్రశ్న తీరలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశము మండలములలో ప్రత్తి పురుగుల పాలై, అప్పులు తీర్చలేని రైతులు ప్రాణములు తీసికొనిరి. 1997-98లో రాష్ట్రమున అట్టి దుఃఖమే మరల సంభవించెను. 2021-22లో మిరపచేలను తామరపురుగు తినివేసెను. ఇట్టి వేళ రైతు బ్రతుకు రెండు పుటలపై నాధారపడును. మొదటిది పురుగుమందు నమూనా పుట. 1968 నాటి చట్టము ప్రకారము నమూనా తీసి పరీక్షకు పంపవలసిన యుద్యోగి, పైరు ఎండిన పిమ్మట వచ్చినచో చట్టమున్నను లేనట్లే. రెండవది అడంగలు. సాగుచేసినవాడు కౌలురైతు, పుటలో నున్నది భూస్వామి పేరు అయినచో, నష్టపరిహారము చెమటోడ్చినవాని చేరదు. కౌలురైతులను గుర్తించుటకై 2011లోను, 2019లోను చట్టములు వచ్చుటకు ఇదియే కారణము. తప్పువ్రాత చిన్నది, దాని ఫలము ఒక కుటుంబపు సంవత్సర జీవనము.

తప్పిన యుద్యోగిని దండించు విధానము లేకపోలేదు. 1964 నాటి ప్రవర్తన నియమావళి, 1991 నాటి వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమావళి కలవు. మందలింపు మొదలు ఉద్యోగము నుండి తొలగింపు వరకు దండనలు క్రమముగ చెప్పబడినవి. నేరారోపణము తెలిపి, చెప్పుకొను నవకాశ మీయక తొలగింపరాదని రాజ్యాంగపు 311వ అధికరణము కాపాడుచున్నది. విచారణ లేని దండనను శాస్త్రమును ఒప్పదు గనుక ఇది యుచితమే. ఐనను శాఖాపరమైన విచారణ ప్రభుత్వమునకును ఉద్యోగికిని నడుమ సాగు వ్యవహారము. నష్టపోయిన రైతు అందు సాక్షియగును గాని కక్షిదారు కాడు. ఉద్యోగికి వేతనవృద్ధి నిలిచినను రైతుకు పోయిన పంట తిరిగిరాదు. కౌటిల్యుని పద్ధతిలోని అపరాధిదండనము నేటికిని నిలిచినది; నష్టపోయినవానిని పిలుచు చాటింపు మాత్రము జారిపోయినది.

చాటింపు మరల

జారిపోయిన యీ యంశము ఇటీవలి కాలమున వేరు ద్వారముల వచ్చుచున్నది. 2005 అక్టోబరులో అమలులోనికి వచ్చిన సమాచారహక్కు చట్టము, ఊరి పుటను ఊరివాడే అడిగి చూచుకొను నధికారమిచ్చినది. అదే సంవత్సరమున చేయబడిన గ్రామీణ ఉపాధిహామీ చట్టపు 17వ సెక్షను, జరిగిన పనులను గ్రామసభయే తనిఖీ చేయవలయునని విధించెను. ఆంధ్రప్రదేశమున 2006 నుండి ఈ సామాజిక తనిఖీ ఆరంభమయ్యెను. 2009లో దానికై ప్రత్యేక సంస్థ ఏర్పడెను. మస్టరు రోలులోని పేర్లను బహిరంగముగ చదువగా, ‘ఆ దినమున నేను పనికి పోలేదు’ అనియో, ‘నాకు అంత కూలి రాలేదు’ అనియో కూలివాడు లేచి చెప్పుటకు వీలయ్యెను. నష్టపోయినవారు వచ్చి తెలుపుకొనుడను ప్రాచీన చాటింపునకు ఇంతకంటె దగ్గరి రూపము కానరాదు. అడంగలు కూడ ప్రతి పంటకు ఇట్లే ఊరి నడుమ చదువబడి, సాగుచేసినవాని యెదుట సరిదిద్దబడినచో, పరిహారవేళ పుట్టు వివాదములలో పెక్కు పుట్టుటకు ముందే యణగును.

కావున వినయము, లెక్క యొప్పగింత యనునవి ఒకే పదమునకు పర్యాయములు కావు. వినయము మాత్రమే యున్నచో ఉద్యోగి పైవానికి విధేయుడగును. పైవాడు తప్పిన తానును తప్పును. లెక్క యొప్పగింత మాత్రమే యున్నచో ఉద్యోగి దినమునకొక గుంపునకు లొంగును, నియమము చెడును. పెదనందిపాటి గ్రామోద్యోగులు పైవానికి పదవిని ఒప్పగించి, ఊరికి తమ నడవడిని ఒప్పగించిరి. జమాబందిలో తహశీల్దారు సంతకము పడిన లెక్క సగము లెక్క. ఆ పుటలో తన పేరు, తన పైరు సరిగ నున్నవని రైతు చూచుకొని తలయూపిన నాడే అది పూర్తియగును.