కంపవాతంలో అలసట: మంచమా, నడకా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి కంపవాత రోగులను వెంటబెట్టుకొని వచ్చే బంధువులు చేతుల వణుకు గురించి ఎంత చెబుతారో, అలసట గురించి అంతకు మించి చెబుతారు. “మా నాయిన పొద్దంతా మంచం మీదనే ఉంటాడు, మేము ఏ పనీ చెప్పము, అయినా అలసిపోయిన్ననే అంటాడు సార్” అని. ఆ మాటలో బాధతోపాటు కొంత అనుమానం కూడా వినిపిస్తుంది. రోగిది సోమరితనమేమోనని ఇంటివారి సందేహం. అది సోమరితనం కాదు, వ్యాధి లక్షణమే.

1817లో ఆంగ్ల వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించినందున ఈ వ్యాధికి ఆయన పేరు వచ్చినది. ఇందులో మెదడున డోపమిన్‌ను ఉత్పత్తి చేసే కణాలు క్రమంగా నశిస్తాయి. డోపమిన్ కదలికకే గాక, పని తలపెట్టే ఉత్సాహానికి కూడా అవసరం. రోగులలో సుమారు సగం మందికి అలసట ఉంటుంది. కొందరిలో వణుకు కంటే ముందే కనబడుతుంది.

శ్రమ పడకుండానే, ఆయాసం లేకుండానే కలిగి, ఇంద్రియాలను తమ పనిలో నిలువనీయని అలసటను సుశ్రుతుడు ‘క్లమము’ అన్నాడు. పని చేసి అలసినవాడికి విశ్రాంతితో అలసట తీరుతుంది. క్లమము అట్లా తీరదు. పైగా మంచం పట్టిన కొద్దీ కండలు తగ్గి, నాలుగు అడుగులు వేయడమే పెద్ద శ్రమ అవుతుంది.

శాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. వాతరోగులు, వృద్ధులు వ్యాయామం మానవలెనని వాగ్భటుడు చెప్పినాడు. కంపవాత రోగి తరచు ఈ రెండు కోవలకూ చెందినవాడే. అయితే ఆ నిషేధం ఒంటిని అలయగొట్టే సాముగరిడీల వంటివాటికే గాని నడకకు కాదని నా అభిప్రాయం. దేహాన్ని ఎక్కువగా పీడించని నడక బలాన్ని, జఠరాగ్నిని పెంచి, ఇంద్రియాలను మేల్కొలుపుతుందని సుశ్రుతుడే అన్నాడు. ఆరోగ్యవంతుడు సైతం అర్ధశక్తి మేరకే వ్యాయామం చేయవలెనని శాస్త్రం. కంపవాత రోగికి అందులోనూ తక్కువతో ఆరంభించవలెను. ఆధునిక పరిశోధనల ఫలితాలు అన్నీ ఒకే తీరుగా లేకపోయినా, నడక, నిలుకడ, కండబలం విషయంలో వ్యాయామం మేలు చేస్తుందనే వైద్యులందరి మాట.

ముందుగా రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, దిగులు, లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం వంటివి ఉన్నవేమో వైద్యునిచేత చూపించుకోవలెను. వాటి వలన కలిగే అలసటకు వాటి చికిత్సే మార్గం.

తరువాత నడక. మాత్ర పని చేస్తూ ఒళ్లు తేలికగా ఉన్న వేళనే ఎన్నుకోవలెను. పూటకు 5 నిమిషాల చొప్పున రోజుకు మూడు పూటలు చాలు. వారానికి రెండేసి నిమిషాలు పెంచవచ్చును. మాట్లాడుతూ నడవగలిగితే అది అర్ధశక్తి. మాట తెగుతూ నోటితో ఊపిరి తీస్తే అది మించినట్లే. మరునాటికి కూడా అలసట తీరకపోతే సగానికి తగ్గించవలెను. అడుగు తడబడేవారికి తాళం గొప్ప సాయం. ఇంట్లో ఒకరు చిడతలు వాయిస్తే, కోలాటంలో వలె ఆ దెబ్బకు అడుగు వేయవచ్చును. గట్టి కుర్చీలోంచి అయిదారు సార్లు లేచి కూర్చోవడం తొడలకు బలం. వెనుకకు తిరిగేటప్పుడు ఉన్నచోటనే గిరుక్కున తిరగరాదు, విశాలంగా చుట్టి రావలెను.

సూర్యాపేటవారికి సద్దల చెరువు కట్ట ఉన్నది. మిర్యాలగూడ వైపువారు సాగర్ కాలువ గట్ల మీదికి పోతామంటారు గాని, ఎగుడుదిగుడు గట్టు, పక్కన నీరు, తూలిపడే రోగికి తగినవి కావు. ఇంటి ముందరి చదును నేల మేలు. మన వైపు ఎండాకాలంలో తెల్లవారుజామునే ముగించవలెను, లేదా ఇంట్లోనే నడవవలెను. పక్కన ఒక మనిషి తప్పనిసరి. జారే చెప్పులు వద్దు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం కలిగితే వెంటనే ఆపి వైద్యుని చూడవలెను.

ఇక దూలగొండి గింజల సంగతి. 1937లో దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రజ్ఞులు వాటినుండి లెవోడోపాను వేరుచేశారు. ఇంగ్లీషు మాత్రలలో ఉన్నదీ అదే పదార్థం. కనుక మాత్రలు వాడుతూ వైద్యునికి చెప్పకుండా ఆ చూర్ణం మింగితే మోతాదు మించిపోతుంది. అలసట పోతుందని ఎవరు చెప్పినా అట్లు చేయరాదు.