మిస్సమ్మ నుంచి మిస్ శెట్టి దాకా...

పెళ్లికాని అమ్మాయి తన కాళ్లమీద తాను నిలబడతానంటే మన సినిమాల్లో కష్టాలైనా రావాలి, విలనైనా రావాలి. నవ్వులు మాత్రం రాకూడదు! ఈ లెక్క తప్పించిన తెలుగు సినిమాలు కొన్నే. వాటిలో ముఖ్యమైనవాటి ఊరూపేరూ వెతుక్కుంటూ బయల్దేరితే ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. తణుకులో బస్సెక్కి, గూడెం మీదుగా ఏలూరులో దిగితే చాలు.

‘మిస్సమ్మ’ తీసిన ఎల్వీ ప్రసాద్‌ది ఏలూరు దగ్గరి సోమవరప్పాడు. అందులో దేవయ్యగా నవ్వించిన రేలంగి తాడేపల్లిగూడెంలో తన పేరిట సినిమా హాలే కట్టించారు. ఇక ‘ఆనంద్’, ‘గోదావరి’ చిత్రాల దర్శకుడు శేఖర్ కమ్ముల పుట్టింది ఏలూరులోనే.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో మేరీకి కావాల్సింది ప్రేమ కాదు, జీతం. తండ్రి చేసిన అప్పు తీర్చకపోతే డేవిడ్ ఊరుకోడు. అప్పు మాటున పెళ్లి మాట కూడా తెస్తున్నాడాయె. చదువుంది, చెప్పే ఓపికుంది. కానీ అప్పాపురం జమీందారు బడికి భార్యాభర్తలైన గ్రాడ్యుయేట్లే కావాలట! దాంతో నిరుద్యోగి ఎం.టి.రావుతో కలిసి దొంగ కాపురానికి సిద్ధపడుతుంది. ఎన్టీఆర్, సావిత్రి ఒకరిమీద ఒకరు చిర్రుబుర్రులాడుతుంటే ఇప్పటికీ పడీపడీ నవ్వుతాం. నవ్వాగాక ఆలోచిస్తే... ఆ అమ్మాయి తన చదువుతో తాను ఉద్యోగం తెచ్చుకోవడానికి లేని మొగుణ్ని చూపించాల్సి వచ్చిందన్నమాట. ఇళ్ల గేట్లకు వేలాడే ‘ఫ్యామిలీస్‌కు మాత్రమే’ బోర్డు చూసి వెనుదిరిగిన ఉద్యోగినులకు ఈ తమాషా కొత్తేం కాదు.

చివర్లో ఏమైంది? మేరీ ఎవరో కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురేనని తేలింది. ఉద్యోగం అడిగిన పిల్లకి ఏకంగా జమీనే ఇచ్చేశారు! కథ సుఖాంతమే. అయినా నాకెందుకో, మేరీ జీతం సంగతి అక్కడితో గల్లంతయినట్టే అనిపిస్తుంది.

దాదాపు యాభై ఏళ్లకు, 2004లో ‘ఆనంద్’ వచ్చింది. ‘మంచి కాఫీ లాంటి సినిమా’ అని చెప్పుకొన్నారు. సరిగ్గా అదేరోజు చిరంజీవి ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ విడుదలైనా ఇది నిలబడింది. రూపకు తల్లిదండ్రుల్లేరు. పెళ్లినాడు చీర దగ్గర కాబోయే అత్తగారితో మాటామాటా వస్తుంది. పెళ్లికొడుకు నోరు మెదపడు. అంతే, ఈ పెళ్లి వద్దంటుంది రూప. కమలినీ ముఖర్జీ నటనకు సునీత గొంతు తోడై ఆ ‘వద్దు’ ఎక్కడా అరుపుగా మారదు. పీటలమీది పెళ్లి ఆగితే పరువు పోయిందనుకునే మన వైపు ఇళ్లలో అది చిన్న మాటేం కాదు. తర్వాత ఆమె ప్రేమకోసం ఆనంద్ ఆ పక్కనే అద్దెకు దిగుతాడు. దిగాల్సింది అబ్బాయి! 2006 నాటి ‘గోదావరి’లో సీతది నడవని బొటిక్, కుదరని సంబంధం. భద్రాచలం వెళ్లే లాంచీలో ఆమె కోపం కూడా అందంగానే ఉంటుంది.

ఈ సినిమాలు హాల్లోకన్నా ఇంట్లో టీవీ ముందు చూస్తేనే రుచి. తణుకు వైపు ఏ పెళ్లి భోజనాల దగ్గరైనా ‘అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగమండీ’ అంటే, ‘ఆయ్... మరి సంబంధాలు చూస్తున్నారా?’ అన్న ప్రశ్న విస్తరి మడిచేలోపే వచ్చేస్తుంది. అక్కడ ఆ పిల్ల ఏం చెబుతుంది? తలవంచుకుని పెరుగన్నం కలుపుకొంటుంది. అదే ఇంట్లో సినిమా చూస్తూ మాత్రం ‘రూప చేసిందే కరెక్ట్’ అని గట్టిగా అనగలదు. ఆ మాట రూప గురించే కాదని అమ్మకూ తెలుసు. తెలిసీ ‘సినిమా కబుర్లేలే’ అంటుంది. ఆ కాసేపూ ఇద్దరికీ పేచీ లేదు.

2023లో వచ్చిన ‘మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి’ దగ్గర ఈ ఒప్పందానికి కాస్త చిక్కొస్తుంది. లండన్‌లో వంటల్లో పేరు తెచ్చుకున్న అన్విత (అనుష్క) పెళ్లి వద్దంటుంది, బిడ్డ మాత్రం కావాలంటుంది. వీర్యదాత కోసం వెతుకులాటంతా కామెడీయే. నవీన్ పోలిశెట్టి ఎంత నవ్వించినా, ఆ మాట రాగానే పెద్దవాళ్లకు వంటింట్లో పాలు పొంగుతున్నట్టు గుర్తొస్తుంది, నాన్నకు ఫోనొస్తుంది. కాసేపటికి ఇద్దరూ వచ్చి కూర్చుంటారు. ‘ఇంతకీ పెళ్లి చేసుకుందా?’ అని అడుగుతారు.