మాట తప్పని కదురు

రాట్నం తిప్పిన తరం మన ఇళ్ళలో ఇంకా ఉంది. అమ్మమ్మనో తాతయ్యనో అడిగి చూడండి. రాట్నంలో గిర్రున తిరుగుతూ నూలు చుట్టుకునే సన్నటి ఇనప పుల్లను కదురు అంటారని చెబుతారు. ఇంగ్లీషులో దాని పేరు స్పిండిల్. లోహాన్ని చెక్కే మిల్లింగ్ యంత్రంలో కట్టరును పట్టుకుని తిప్పే ఇరుసుకి కూడా అదే పేరు. ఈ వ్యాసం ఆ రెండో కదురు గురించి.

మా గరాజులో ఒక చిన్న సి.ఎన్.సి. మిల్లు ఉంది. సి.ఎన్.సి. అంటే కంప్యూటరు అంకెల ద్వారా నడిపించే యంత్రం అన్నమాట. దాని కదురుకున్న పాత మోటారు తీసేసి, ఆ స్థానంలో సర్వో మోటారు బిగించాను. ఎందుకు, ఎలా అన్నది పిల్లలకీ అర్థమయ్యేలా చెప్పుకుందాం.

ఎందుకీ తాపత్రయం?

మా ఊరి హైస్కూలు రోబోటిక్స్ జట్టుకి వారాంతాల్లో నేను తోడుంటాను. డీన్ కేమెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థ నిర్వహించే పోటీలకి వెళ్ళే జట్టు అది. ఆట నియమాలు జనవరి మొదట్లో బయటికొస్తాయి. కొద్ది వారాల్లో రోబో తయారై బరిలో నిలబడాలి. గేరుబాక్సులకి కావలసిన అల్యూమినియం పలకలు కొన్నింటిని పిల్లలు మా గరాజులోనే చెక్కుకుంటారు.

పలక మీద అన్నిటికన్నా చివరి పని, రంధ్రాల్లో మర కోయడం. స్క్రూ పట్టడానికి రంధ్రం లోపలి గోడ మీద మెలికలు తిరిగే గాడిని మర అంటాం. దాన్ని కోసే పనిముట్టు పేరు ట్యాప్. అది చాలా గట్టిది, అంత పెళుసుది కూడా. ఒక్క చుట్టు తిరిగినప్పుడు సరిగ్గా ఒక్క మర దూరమే కిందికి దిగాలి. తిరగడానికీ దిగడానికీ పొంతన కుదరకపోతే పుటుక్కున విరిగి రంధ్రంలోనే ఇరుక్కుంటుంది. మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని తొలవలేదు. గంటల తరబడి చెక్కిన పలక చివరి రంధ్రం దగ్గర చెత్తబుట్ట పాలవుతుంది.

పాత మోటారుకి బరువు తగలగానే వేగం పడిపోయేది. ఆగమంటే తీరిగ్గా ఆగేది. అందుకని పిల్లలు రంధ్రాలన్నిటికీ చేత్తోనే మర కోసేవారు. పోటీ దగ్గరపడే రోజుల్లో అంత సమయం ఎవరి దగ్గరా ఉండదు.

సర్వో అంటే?

లాటిన్‌లో 'సెర్వుస్' అంటే సేవకుడు, దాసుడు. జోసెఫ్ ఫార్కో అనే ఫ్రెంచి ఇంజనీరు ఓడల చుక్కాని తిప్పే ఆవిరి యంత్రానికి 'సర్వో మోటారు' అని పేరు పెట్టి, 1873లో దాని మీద ఒక పుస్తకం వేశాడు. నావికుడు చిన్న చక్రాన్ని ఎంత తిప్పితే, బరువైన చుక్కాని అంతే తిరిగి ఆగుతుంది. చెప్పింది చెప్పినంత చేసే సేవకుడు.

సి.ఎన్.సి. పుట్టుకలోనూ సర్వోదే పెద్ద పాత్ర. అంకెలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని 1952లో ప్రదర్శించినది ఎం.ఐ.టి. వారి సర్వోమెకానిజమ్స్ లేబొరేటరీ. ఆ ఆలోచనకి మూలం జాన్ పార్సన్స్. హెలికాప్టరు రెక్కల ఆకారాన్ని కచ్చితంగా కొలుచుకోవడానికి పంచ్ కార్డుల లెక్కలు మొదలుపెట్టిన మిచిగన్ పారిశ్రామికుడు.

"అంకుల్, తను ఎంత తిరిగిందో మోటారుకి ఎలా తెలుస్తుంది?" అని జట్టులో ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మోటారు వెనకాల ఎన్‌కోడరు అనే చిన్న పరికరం ఉంటుంది. మా మోటారుకున్న దాంట్లో చక్రం మీద 2,500 గీతలుంటాయి. ఒక్కో గీతకీ నాలుగు సంకేతాల చొప్పున చుట్టుకి 10,000 లెక్కలొస్తాయి. డ్రైవు అనే పెట్టె ఆ లెక్క చూసుకుంటూ, కావలసిన వేగానికీ ఉన్న వేగానికీ తేడా వస్తే వెంటనే కరెంటు పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. కారులో క్రూజ్ కంట్రోల్ చేసే పని ఇదే. కొండ ఎక్కుతుంటే పెట్రోలు తనంతట తనే పెరుగుతుంది కదా! కాకపోతే సర్వో డ్రైవు ఈ పనిని సెకనుకి వేలసార్లు చేస్తుంది.

మిక్సీ, గ్రైండరు లెక్క

నేను కొన్న సర్వో సామర్థ్యం 750 వాట్లు. సుమారు ఒక గుర్రపుశక్తి. ఇండియా నుంచి మోసుకొచ్చిన మన మిక్సీల మీద కూడా చాలావాటికి 750 వాట్లనే రాసి ఉంటుంది. మరి తేడా ఏమిటి?

వాట్లంటే వేగాన్ని మెలితిప్పే బలంతో గుణిస్తే వచ్చేది. ఆ బలాన్ని టార్కు అంటారు. 750 వాట్లని నిమిషానికి 18,000 చుట్ల దగ్గర వాడితే టార్కు 0.4 న్యూటన్-మీటర్లే. అదే 3,000 చుట్ల దగ్గరయితే 2.4 న్యూటన్-మీటర్లు. కొబ్బరి పచ్చడికి మిక్సీ వేగం చాలు. ఇడ్లీ పిండి రుబ్బడానికి నెమ్మదిగా, బలంగా తిరిగే గ్రైండరే కావాలి.

లోహానికీ ఇదే లెక్క. హైస్పీడ్ స్టీలు కట్టరుతో మెత్తటి ఉక్కుని నిమిషానికి 30 మీటర్ల కోత వేగంతో చెక్కుతామనుకుందాం. 12 మిల్లీమీటర్ల కట్టరయితే కదురు నిమిషానికి 800 చుట్లు తిరిగితే సరిపోతుంది. చాలామంది అభిరుచికోసం కొనే 24,000 చుట్ల స్పిండిళ్ళు పెట్టె మీద 2.2 కిలోవాట్లని గొప్పగా చెప్పుకుంటాయి. కానీ ఆ వాట్లు పూర్తి వేగం దగ్గరే. 800 చుట్ల దగ్గర వాటి నుంచి వచ్చేది మహా అయితే 73 వాట్లు. మా సర్వోకి రెండింతల తగ్గింపు బెల్టు వేస్తే, అదే 800 దగ్గర కదురుకి 400 వాట్లు అందుతాయి.

అలాగని సర్వో సర్వరోగ నివారిణి కాదు. 6 మిల్లీమీటర్ల కార్బైడు కట్టరుతో అల్యూమినియం చెక్కడానికి 8,000 చుట్లయినా కావాలి. మా మోటారు అంత వేగం అందుకోలేదు. మీ పనంతా సన్నటి కట్టర్లతోనే అయితే వేగంగా తిరిగే స్పిండిలే కొనుక్కోండి. మాకు మర కోయడం, ఉక్కు చెక్కడం ముఖ్యం. అందుకని రెండు జతల పళ్ళ పుల్లీలు పెట్టాను. అల్యూమినియం చెక్కడానికి ఒకటికి ఒకటి, మరకీ ఉక్కుకీ రెండుకి ఒకటి.

కొనేటప్పుడు ఇంకో మాట. సర్వోల కాగితాల మీద మూడింతల 'పీక్ టార్కు' కనిపిస్తుంది. అది కొద్ది సెకన్ల ముచ్చట. గంటల తరబడి తిరగాల్సిన కదురుకి నిరంతర టార్కే లెక్క. కట్టరుని నేరుగా మోటారు ఇరుసుకి బిగించడమూ తగదు. పక్కనుంచి వచ్చే కోత ఒత్తిడిని తట్టుకునే బేరింగులు కదురులో ఉంటాయి, మోటారులో కాదు.

తీగలు, వోల్టులు

మా డ్రైవుకి 240 వోల్టులు కావాలి. గరాజులో దానికోసం విడిగా ఒక సర్క్యూటుని లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేత వేయించాను. ఈ పని అతని చేతే చేయించాలి. డ్రైవు ఆ విద్యుత్తుని డి.సి.గా మార్చి పెద్ద కెపాసిటర్లలో నింపుకుంటుంది. అక్కడ దాదాపు 340 వోల్టులుంటాయి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కొన్ని నిమిషాలు ఆ వోల్టేజి ప్రాణాంతకమే. మూత మీదున్న ఛార్జి దీపం ఆరి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

మోటారుకెళ్ళే తీగల్లో కరెంటు క్షణానికి వేలసార్లు ఆగి మొదలవుతూ రణగొణధ్వని పుట్టిస్తుంది. అందుకే మోటారు తీగలు ఒక దారిన, ఎన్‌కోడరు తీగలు ఇంకో దారిన పంపించి, రెంటికీ లోహపు తొడుగున్న కేబులు వాడాను.

నడిపించే సాఫ్ట్‌వేరు లినక్స్ సి.ఎన్.సి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో మొదలైన ఈ ప్రాజెక్టు ఉచితం. కంప్యూటరు నుంచి డ్రైవుకి వెళ్ళే ఆజ్ఞ ఒక వోల్టేజి మాత్రమే. 10 వోల్టులంటే మోటారు 3,000 చుట్లు, ఒక వోల్టంటే 300. మైనస్ వస్తే వెనక్కి తిరగాలి. ఇక్కడ ఒక చిక్కుంది. సున్నా అన్నది నిజంగా సున్నా కాకుండా, కొన్ని మిల్లీవోల్టులు మిగిలినా కదురు నత్తలా తిరుగుతూనే ఉంటుంది. ఆగిందనుకుని ఎవరైనా చెయ్యి పెడితే? కాబట్టి ఆపినప్పుడల్లా డ్రైవు అనుమతి కూడా తీసేసేలా అమర్చాను.

రెండుకి ఒకటి బెల్టుతో ఇంకో చిక్కు. కదురు ఒక చుట్టు తిరిగేలోగా మోటారు రెండు చుట్లు తిరుగుతుంది. చుట్టుకొక్కసారి రావలసిన గుర్తు సంకేతం రెండుసార్లు వస్తుంది. అందుకని కదురుకే విడిగా ఇంకో ఎన్‌కోడరు పెట్టాను.

శ్రుతి చేయడం

తర్వాతిది ట్యూనింగ్. వీణ శ్రుతి చేసినట్టే చెవితోనూ, స్క్రీను మీది గీతతోనూ చేస్తాం. ముఖ్యంగా రెండు మరలు తిప్పుతున్నామనుకోండి. మొదటిది, వేగం ఎంత తగ్గితే అంత గట్టిగా స్పందించమని చెప్పేది. రెండోది, తేడా చిన్నదైనా ఎంతసేపు నిలిచి ఉందో గుర్తుపెట్టుకుని సరిచేయమని చెప్పేది. మొదటిది తక్కువైతే మోటారు బద్ధకిస్తుంది. ఎక్కువైతే తుమ్మెదలా రొద పెడుతుంది, ఇంకా పెంచితే యంత్రమంతా వణుకుతుంది. రొద మొదలైన చోటు నుంచి బాగా వెనక్కి తగ్గి, అక్కడ స్థిరపరిచాను. ఆ తర్వాత 1,000 చుట్ల మీద ఉక్కుని చెక్కుతుంటే కదురు రాగం మారలేదు. కట్టరు లోహంలోకి దిగిందని రవ్వని చూసి తెలుసుకోవాల్సిందే.

మర కోసిన రోజు

పిల్లల పలకకి కావలసింది 10-32 మర. అంగుళానికి 32 చుట్లు. ట్యాపు ఒక చుట్టుకి 0.79 మిల్లీమీటర్లు దిగాలి. జి33.1 అనే ఆజ్ఞ ఇస్తే, యంత్రం పైకీ కిందికీ నడిచే ఇరుసు కదురు ఎన్‌కోడరుని చూస్తూ దాని వెంటే దిగుతుంది. అడుగుకి చేరాక కదురు వెనక్కి తిరిగితే తనూ అలాగే పైకొస్తుంది.

కదురు ఆగి వెనక్కి తిరిగేలోగా కొంచెం ముందుకి జారుతుంది. అసలు కీలకం ఇక్కడే. 600 చుట్ల వేగం నుంచి ఆగడానికి అర సెకను పడితే రెండున్నర చుట్లు, అంటే 2 మిల్లీమీటర్లు జారుతుంది. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ట్యాపు వెళ్ళి అడుగుకి గుద్దుకుంటుంది. సెకనులో ఇరవయ్యో వంతులో ఆగితే జారేది 0.2 మిల్లీమీటర్లే. పాత మోటారుకీ సర్వోకీ తేడా అదే.

మొదటి పలకలో 24 రంధ్రాలు. ఒక్కోదానికి మూడు నాలుగు సెకన్లు. పిల్లలు ఊపిరి బిగబట్టి లెక్కపెట్టారు. 24వ దాంట్లోంచి ట్యాపు క్షేమంగా బయటికొచ్చేసరికి గరాజు దద్దరిల్లింది.

పట్టూ, విడుపూ

ఇంతసేపూ మాట తప్పదని పొగిడాం. అది ప్రమాదం కూడా. పాత మోటారుకి ఏదైనా అడ్డుపడితే మూలిగి ఆగిపోయేది. సర్వో అలా కాదు. అడ్డొచ్చింది ఇనుమా, చొక్కా చెయ్యా అన్నది దానికి తెలీదు. వేగం తగ్గిందని మాత్రమే తెలుస్తుంది. వెంటనే మూడింతల బలం తెచ్చుకుంటుంది. మా బెల్టుతో కదురు దగ్గర అది 14 న్యూటన్-మీటర్లు. అంగుళం దూరంలో సుమారు 57 కిలోల బరువుతో లాగినట్టు.

అందుకని ఎంతవరకు మాట నిలబెట్టుకోవాలో కూడా దానికి చెప్పాలి. మర కోసేటప్పుడు డ్రైవులో టార్కు పరిమితిని బాగా తగ్గించి పెడతాను. ట్యాపు మొద్దుబారితే అది విరగకముందే కదురు ఆగుతుంది. వేగం చెప్పినదానికి దూరమైతే మొత్తం యంత్రం ఆగుతుంది. ఎర్ర బటను నొక్కగానే కరెంటు తీసేస్తే కదురు తన ఊపుతో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, మా దగ్గర డ్రైవు ముందు బ్రేకు వేసి ఆపుతుంది, ఒక సెకను తర్వాత సేఫ్టీ రిలే కరెంటు తీస్తుంది. బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి శక్తిని వెనక్కి పంపుతుంది. దాన్ని వేడిగా ఖర్చుచేసే రెసిస్టరు లేకపోతే డ్రైవు వోల్టేజి తట్టుకోలేక చేతులెత్తేస్తుంది, కదురు ఆగకుండా తిరుగుతుంది. చౌకగా దొరికే ఆ రెసిస్టరుని దండగ ఖర్చనుకోవద్దు.

ఇవన్నీ ఉన్నా గరాజు గుమ్మం దగ్గర కొన్ని నియమాలు రాసి పెట్టాం. కళ్ళద్దాలు తప్పనిసరి. జుట్టు ముడి వేసుకోవాలి. చేతి తొడుగులు వద్దు. గాజులు, రాఖీలు, కాశీతాళ్ళు తీసి డబ్బాలో పెట్టాలి. పండగ మర్నాడు రాఖీ తీయడానికి పిల్లలు మొహం ముడుచుకుంటారు. అయినా తీస్తారు.

మీ ఊరి స్కూల్లో ఇలాంటి జట్టుంటే ఒక శనివారం వెళ్ళి చూడండి. యంత్రాలు తెలియకపోయినా ఫరవాలేదు, పక్కన నిలబడే పెద్దవాళ్ళు ఎప్పుడూ తక్కువే. మా గరాజులో పని ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. కట్టరు లేకుండా కదురు 1,000 చుట్ల మీద తిరుగుతుంటుంది. ఆ రోజు వంతు వచ్చిన పిల్లో పిల్లాడో ఎర్ర బటను నొక్కుతారు. ఒకటి అని లెక్కపెట్టేలోగా కదురు ఆగాలి. ఆగితేనే కట్టరు బిగిస్తాం.