రైలు ఊరిలో మోటారు సైకిలు మోజు

రాజధానిలో కూర్చుని దేశంలో జరిగే ప్రమాదాలను గురించి వ్రాయడం తేలిక. పార్లమెంటులో ప్రశ్నోత్తరాల వేళ ఒక సభ్యుడు అడుగుతాడు. మంత్రి లేచి అంకెలు చదువుతాడు. సభ ఒక నిమిషం విచారించి తర్వాతి ప్రశ్నకు పోతుంది. ఆ అంకెల వెనుక ఉన్న మనుషులను చూడదలచినవాడు ఢిల్లీ వదలి పోవలసిందే. ఇటీవల నేను ఖరగ్‌పూర్ వెళ్ళవలసి వచ్చింది. రైలు కోసం పుట్టి, రైలు మీద బ్రతికే ఆ ఊరిలో నన్ను ఆలోచింపజేసింది రైలు కాదు, మోటారు సైకిలు.

ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షనును, వర్క్‌షాపును నెలకొల్పిన నాటినుంచి నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల జనం కూలికోసం, కొలువుకోసం అక్కడికి తరలిపోయారు. మథురాకాటి, నింపురా వంటి పేటలలో నేటికీ తెలుగు మాట వినబడుతుంది. అమ్మవారికి మాతపూజలు జరుగుతాయి. 1920ల చివర ఆ రైల్వే కార్మికుల పోరాటంలో ముందు నిలిచినవారు వి.వి. గిరి. ఆ గిరిగారే రాష్ట్రపతి భవనంలో ఉండగా 1974 మే నెలలో అఖిల భారత రైల్వే సమ్మెను ప్రభుత్వం ఉక్కుపాదంతో అణచివేయడం చరిత్ర ఆడిన వింత నాటకం. 1072 మీటర్ల పొడవున్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని మన తరం పాఠ్యపుస్తకాలలో చదువుకున్నది. ఆ కీర్తిని 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి తన్నుకుపోయాయి. అయినా ఊరికి పొగరు తగ్గలేదు.

వెనుకటి తరంలో వర్క్‌షాపు కార్మికుని వాహనం సైకిలు. సైరను మోగగానే గేటులోంచి సైకిళ్ళు వరదలా వెలువడేవని పెద్దలు చెబుతారు. ఆ తర్వాత అప్పో సప్పో చేసి కొన్న రాజ్‌దూత్‌లు, యెజ్డీలు, బుల్లెట్లు ఒకటీ అరా కనబడసాగాయి. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100 రంగప్రవేశం చేయడంతో మధ్యతరగతి ఇంటి ముందు అరుగు స్వరూపమే మారిపోయింది. ఇప్పుడు వాయిదాల పద్ధతి వచ్చింది కాబట్టి పెళ్ళికి ముందే బండి వస్తున్నది. ఈ ఊరి స్టేషనులో 2001 మొదలు 2003 వరకు టిక్కెట్ల తనిఖీ ఉద్యోగం చేసిన మహేంద్రసింగ్ ధోనీకి క్రికెట్టు తర్వాత ప్రాణప్రదమైనది మోటారు సైకిలే అన్న సంగతి లోకవిదితం. అక్కడి కుర్రవాళ్ళకు అంతకంటే ఆదర్శం మరేమి కావాలి?

ఈ మోజును నేను ఎగతాళి చేయబోవడం లేదు. బండి నడపడంలోని సుఖం నాకూ తెలుసు. రైలు నడిపేవాడు, రైలు బాగుచేసేవాడు రోజంతా పట్టాలకు, సిగ్నళ్ళకు, గడియారానికి కట్టుబడి ఉంటాడు. అతడి ఇష్టంతో కదిలేది ఒక్కటీ ఉండదు. డ్యూటీ దిగి బండి ఎక్కిన క్షణంలో మాత్రం దారి అతడిది, వేగం అతడిది, ఎదురుగాలి అతడిది. నడిరేయి షిఫ్టు ముగిసేవాడికి బస్సు దొరకదు. రిక్షావాడు అడిగినంత ఇచ్చుకోలేడు. ఆసుపత్రికి తల్లిని తీసుకుపోవాలన్నా, బడికి బిడ్డను దించాలన్నా, ఖాళీ రోజున భార్యతో బజారుకు పోవాలన్నా ఆ రెండు చక్రాలే గతి. కారున్నవాడికి మోటారు సైకిలు వినోదం. లేనివాడికి అది స్వేచ్ఛ, గౌరవం, జీవనాధారం. ప్రమాదకరమైన వ్యసనమని దానిని తేల్చివేసే పెద్దమనుషులు ఈ తేడాను గుర్తించడం లేదు.

దీనికి తోడు మరొక ఆకర్షణ ఉన్నది. కలకత్తానుంచి చెన్నైకి పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్ ప్రక్కనుంచే పోతుంది. బాలాసోర్, భువనేశ్వర్, బరంపురం దాటితే ఇచ్ఛాపురం, శ్రీకాకుళం. తాతలు రైలెక్కి వచ్చిన దారినే మనుమలు పండుగకు బండిమీద పోవాలని ఉబలాటపడుతున్నారు. నాలుగు వరుసల రోడ్డు, చేతిలో కొత్త బండి, వెనుక మిత్రుడు. ఆ వయస్సులో ఎవరికి మాత్రం ఆశ పుట్టదు? కాని అదే రోడ్డుమీద ఎదురు దిశలో వచ్చే ట్రాక్టరు, చీకటిలో దీపం లేకుండా నిలిచిపోయిన లారీ, అడ్డంగా దాటే ఆవు కూడా ఉంటాయి.

వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఒక వృద్ధుణ్ణి ఈ విషయం అడిగాను. ఆయన పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే అయినా పలుకు మాత్రం పలాస పలుకే. "గుంటడు బండి కొన్నాడని మురిసిపోనా, రేత్రి ఇంటికి సేరీదాకా గుండె పట్టుకు కూకోనా? నువ్వే సెప్పు బాబూ!" అన్నాడు. మన విధాన నిర్ణేతలు సంపుటాలకొద్దీ నివేదికలలో చెప్పలేకపోయిన సమస్యను ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు.

ఆయన గుండెదడ అకారణమైనది కాదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారమే 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారు. అందులో ద్విచక్ర వాహనాలపై పోతున్నవారు 74,897 మంది. అంటే మొత్తం మృతులలో 44.5 శాతం. సగటున రోజుకు 205 మంది. ఆ ఏడాది హెల్మెటు లేకుండా చనిపోయినవారు 50,029 మంది కాగా, వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హేండిలు వారి చేతిలో లేదు. చావు మాత్రం వారి వాటాకు వచ్చింది.

ఈ అంకెను రైల్వే ఊరికి అర్థమయ్యే భాషలోకి మారుద్దాం. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురై 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ స్టేషను ఖరగ్‌పూర్ డివిజనులోనిదే. దేశం దిగ్భ్రాంతి చెందింది. ప్రధానమంత్రి స్థలానికి వెళ్ళారు, రైల్వే మంత్రి అక్కడే మకాం వేశారు, విదేశాలనుంచి సంతాపాలు వచ్చాయి. అదంతా సమంజసమే. అయితే ద్విచక్ర వాహనాల మీద అంతమంది చనిపోవడానికి మన దేశంలో ఒకటిన్నర రోజు చాలు. ఆ ఒకటిన్నర రోజుకు సంతాపం చెప్పేవారు లేరు.

సంతాపంకంటే ముఖ్యమైన వ్యత్యాసం మరొకటి ఉన్నది. ప్రయాణికులు మరణించిన రైలు ప్రమాదాన్ని రైల్వే భద్రతా కమిషనరు విచారించాలని చట్టం చెబుతున్నది. ఆ కమిషనరు రైల్వే బోర్డు కింద పనిచేయడు. పౌర విమానయాన మంత్రిత్వశాఖ కింద పనిచేస్తాడు. విచారించేవాడు విచారణకు గురయ్యేవాడి కింద ఉద్యోగి కారాదన్న ఇంగితం ఆ ఏర్పాటులో ఉన్నది. బహనగా ప్రమాదంపై జరిగిన విచారణ సిగ్నలింగ్ సర్క్యూట్లలో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలను ఎత్తిచూపింది. డ్రైవరు నిర్లక్ష్యమని ఒక్క ముక్కలో ఫైలు మూసివేయడం అక్కడ సాధ్యపడలేదు.

అసలు రైల్వే భద్రత అంతా ఒక వినయం మీద నిర్మితమైంది: మనిషి పొరపాటు చేస్తాడన్న వినయం. పాయింటు సరిగా పడకపోతే ఆ దారికి సిగ్నలు ఇవ్వనీయకుండా ఇంటర్‌లాకింగ్ అడ్డుపడుతుంది. ఉద్యోగి అలసిపోవచ్చు, నిద్రపోవచ్చు, పరధ్యానంలో ఉండవచ్చునని ముందే అంగీకరించి, ఆ తప్పు ప్రాణం తీయకుండా చూడడమే దాని పరమార్థం. మన రోడ్లు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన సూత్రంపై నడుస్తున్నాయి. పౌరుడు ఎన్నడూ తప్పు చేయడని, చేస్తే చావాలని వాటి లెక్క. 2022 మృతులలో 71.2 శాతం మంది అతివేగంవల్ల పోయారని ప్రభుత్వం వర్గీకరించింది. వేగం కారణం కాదని నేను అనను. కాని గుంట ఎవరు పూడ్చలేదు, దీపం ఎందుకు వెలగలేదు, మలుపులో హెచ్చరిక ఎందుకు లేదు అన్న ప్రశ్నలు పోలీసు కాగితంలో అతివేగమన్న ఒక్క మాట కింద సమాధి అయిపోతున్నాయి. చనిపోయినవాడు లేచి వాంగ్మూలం ఇవ్వలేడు కదా!

ఇక హెల్మెటు సంగతి. నా తల నా ఇష్టమని వాదించేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. బ్రిటన్‌లో 1973లో హెల్మెటు నిర్బంధమైనప్పుడు ఎనాక్ పవెల్ వంటి పార్లమెంటేరియన్ వ్యక్తి స్వాతంత్ర్యం పేరిట దానిని వ్యతిరేకించాడు. మన దేశంలో ఈ వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది మన రాష్ట్రంనుంచే. హెల్మెటు ధరించాలన్న ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధన తన సంచార స్వేచ్ఛను హరిస్తున్నదని దాఖలైన అజయ్ కానూ కేసులో 1988లో అత్యున్నత న్యాయస్థానం ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. నిబంధన ప్రయాణాన్ని ఆపడం లేదు, క్షేమంగా సాగనిస్తున్నదని దాని భావం. అదే సంవత్సరం పార్లమెంటు ఆమోదించిన మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను హెల్మెటును దేశమంతటికీ వర్తింపజేసింది.

హెల్మెటు చరిత్రలోనే ఒక విషాదం ఉన్నది. అరేబియా లారెన్స్‌గా పేరొందిన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిలుకు మహాభక్తుడు. 1935 మే నెలలో బండిమీదనుంచి పడి, ఆరు రోజుల తర్వాత కన్నుమూశాడు. చికిత్స చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అనే శస్త్రవైద్యుడు ఆ మరణంతో కలతచెంది, తల గాయాలపై పరిశోధన సాగించి 1941లో ఫలితాలు ప్రకటించాడు. సైనిక వార్తాహరులు హెల్మెటు ధరించడం ఆ కృషి ఫలమే. తర్వాతి పరిశోధనలు కూడా హెల్మెటు మరణావకాశాన్ని 42 శాతం, తల గాయాన్ని 69 శాతం తగ్గిస్తుందని నిర్ధారించాయి.

ఇంత తెలిసీ మన రాజకీయాలు ఎలా ప్రవర్తించాయి? 2019లో కేంద్రం చట్టాన్ని సవరించి, హెల్మెటు లేకపోతే వంద రూపాయలున్న జరిమానాను వెయ్యికి పెంచింది. కేంద్రంలోని పార్టీయే పాలిస్తున్న గుజరాత్ ఆ సెప్టెంబరులోనే దానిని సగానికి తగ్గించింది. కేంద్రంతో నిత్యం కయ్యమాడే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పెంపు ప్రజలపై భారమని అప్పట్లో అమలుకు నిరాకరించింది. మరే విషయంలోనూ ఏకీభవించని వారు ఓటరు నెత్తి జోలికి పోరాదన్న విషయంలో మాత్రం ఏకమయ్యారు. న్యాయంగా చెప్పాలంటే, అదే బెంగాల్ ప్రభుత్వం 2016లో భద్రతా ప్రచారం చేపట్టి, హెల్మెటు లేనివారికి పెట్రోలు పోయరాదన్నది. చెప్పడంలో లోటు లేదు; నిలబడడంలోనే ఉన్నది.

బండి మానుకోండని నేను చెప్పను. చెప్పినా వినరు; వినవలసిన అవసరమూ లేదు. ఇష్టమున్నచోట కొంత అపాయం ఉండనే ఉంటుంది. ఇష్టాన్ని బ్రతికించుకోవడానికి నడిపేవాడు చేయవలసింది కొంత ఉన్నది: బెల్టు బిగించిన ఐ.ఎస్.ఐ. హెల్మెటు, వెనుక కూర్చున్న ఇల్లాలికీ మరొకటి, రాత్రివేళ రహదారి పందేలకు స్వస్తి. ప్రభుత్వం చేయవలసింది అంతకంటే ఎక్కువ ఉన్నది. రోడ్డు వేసిన శాఖకు, కేసు వ్రాసిన పోలీసుకు లోబడని విచారణాధికారి ప్రతి జిల్లాలోనూ ఉండాలి. ఒకేచోట రెండవ ప్రాణం పోకముందే మొదటి మరణానికి కారణం బహిరంగంగా చెప్పాలి.

కూలిరేట్లకోసం, పనిగంటలకోసం ఉద్యమించి గెలిచిన చరిత్ర ఖరగ్‌పూర్‌ది. షెడ్డులో భద్రత హక్కని ఆ ఊరి కార్మికునికి ఎవరూ నేర్పనక్కరలేదు. గేటు దాటి రోడ్డెక్కిన తర్వాత కూడా అది హక్కేనని అతడు అడగడం మొదలుపెడితే, ఢిల్లీలో మంత్రి చదివే అంకె తగ్గడం మొదలవుతుంది.