కార్డుపై నడిమి గీత

ఉత్తరమునకు కవరు అక్కరలేదని మొదట ఒప్పుకొనిన ప్రభుత్వము ఆస్ట్రియా-హంగరీ. అర్థశాస్త్రాచార్యుడైన ఇమాన్యుయేల్ హెర్మన్ సూచనపై 1869 అక్టోబరు 1వ తేదీన అచట తొలి పోస్టుకార్డు వెలువడెను. భారతదేశమున 1879లో అది కాలణాకే లభించెను.

ఆనాడు కార్డు యొక్క ఒక వైపు పూర్తిగా చిరునామాకే చెందెడిది. రెండవ వైపున బొమ్మ అచ్చువేసినచో మాటలకు అంచులు మాత్రమే మిగిలెడివి. 1902లో బ్రిటిష్ తపాలాశాఖ చిరునామా వైపున ఎడమ సగమును సందేశమునకు విడిచెను. ఆ నడిమి గీత వలన రెండవ వైపంతయు బొమ్మకు దక్కెను. చిత్రపు కార్డులు వ్యాపించుటకు ఈ చిన్న మార్పు మిక్కిలి తోడ్పడెను.

నేడు పాఠశాల వార్షికోత్సవమునకు కార్డులు అచ్చువేయించువారును ఆ గీతను మరువరాదు. కుడి సగమును చిరునామాకు, తపాలాబిళ్ళకు, ముద్రకు విడువవలెను. 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చిన ఆరంకెల పిన్‌కోడును స్పష్టముగా వ్రాయవలెను. ఏ ఉత్సవము, ఎన్నడు, ఎచ్చట అను మూడు విషయములు తొలిచూపునకే అందవలెను. అలంకారములు వానిని కప్పరాదు.

కరపత్రము వీధిలో ఎవరి చేతికైనను చేరును. కార్డు మాత్రము ఒక్క పేరును వెదకుకొనుచు పోవును. కనుక ఎడమ సగమున కొంత ఖాళీ యుంచి, విద్యార్థిచేత ఒక్క వాక్యమైనను స్వహస్తముతో వ్రాయించుట మేలు. అందుకొనినవారు ముందుగా చదువునది ఆ వాక్యమే.